ఉకులేలే మెట్లలోని వింతలు

గిటారు వాయించి వాయించి వ్రేళ్ల కొనలు కాయలు కాచినవారు సైతము, తొలిసారిగా చిన్నరకపు సొప్రానో ఉకులేలేను ఒడిలోనికి తీసికొన్నప్పుడు, తమ యెడమచేయి ఎచ్చట నిలువవలయునో తోచక కొంతతడవు తడబడుదురు. ఆ తడబాటునకు కారణము లెక్కలో నున్నది. శాస్త్రీయ గిటారు తీగ, మెడకొనయందలి ఎముకపట్టీ మొదలు పొట్టమీది బ్రిడ్జి వఱకు, సుమారు 650 మిల్లీమీటర్ల పొడవుండును. సొప్రానో ఉకులేలే తీగ సామాన్యముగా 346 మిల్లీమీటర్లు. గిటారుమీద 11వ మెట్టు నొక్కినపుడు మిగులు తీగ పొడవు 344 మిల్లీమీటర్లు. కావున గిటారు మెడ ముగియవచ్చి, మెట్లు దగ్గఱపడి, వ్రేళ్లు ఒకదానినొకటి ఒఱసికొనుచు ఇంక చాలునని మొఱపెట్టుకొను చోటేదియో, సరిగా అచ్చటనే ఉకులేలే తన మొదటి యడుగు వేయుచున్నది.

మెట్లనగా, మన వీణకున్నట్లే, తీగను ఎచ్చట నదిమినచో ఏ స్వరము పలుకునో నిర్ణయించు అడ్డపు లోహపుకడ్డీలు. ఆ కడ్డీలు పొదిగిన పలక ఫ్రెట్‌బోర్డు. సొప్రానోలో మొదటి మెట్టు వెడల్పు 19 మిల్లీమీటర్ల పైచిల్లర. 12వ మెట్టు చేరునప్పటికి అది 10 మిల్లీమీటర్లకు కుంచించుకొనిపోవును. అచ్చట ఒక కడ్డీ అరమిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో, స్వరము ఒక మెట్టు దూరములో ఇరువదవ పాలు తప్పిపోవును. గిటారుమీద అదే పొరపాటునకు నలువదవ పాలు మాత్రమే తప్పును. ఇంత చిన్న చోటులో పనివాడు చూపిన ప్రతి చమత్కారమును, మేలైనను కీడైనను, రెండింతలై చేతికి తగులును. గడచిన కొన్ని దశాబ్దులుగా గిటారు లోకమున ప్రచారమునకు వచ్చిన ఫ్రెట్‌బోర్డు రీతులు, ఏటవాలు మెట్లును, వంపు పలకలును, గుంటలు తీసిన పలకలును, అసలు మెట్లే లేని పలకలును, ఒకటొకటిగా ఉకులేలేమీదికి దిగివచ్చుచుండగా, వానిలో ఏది ఈ వాద్యమునకు ఒదిగినది, ఏది కేవలము అలంకారమై నిలిచినది అని విచారింపవలసియున్నది. గిటారునకు మేలుచేసిన ప్రతి మార్పును ఉకులేలేకు మేలుచేయదని నా యభిప్రాయము. ఏలనన దీని తీగలు పొట్టివి, లోహపువి కావు నైలానువి, పైగా వాని శ్రుతిక్రమము గిటారు క్రమమునకు భిన్నము.

1879 ఆగస్టు మాసమున రావెన్స్‌క్రాగ్ అను ఓడ, పోర్చుగీసు వారి మదైరా ద్వీపమునుండి, చెఱకుతోటలలో పనిచేయుటకై కుదిరిన కుటుంబములను హవాయి దీవులలోని హొనొలులు రేవునకు చేర్చినది. ఆ వచ్చినవారిలో మాన్యుయెల్ నూనెస్, అగస్టో డియాస్, జోసె దొ ఎస్పిరితో శాంతో అను మువ్వురు కొయ్యపనివారుండిరి. మదైరాలో మచేతె యని పిలువబడు నాలుగుతీగల చిఱువాద్యము, వీరి చేతులమీదుగా, ఆ దీవులలో పెరుగు కోవా కొయ్యతో రూపొంది ఉకులేలే యయ్యెను. కలాకౌవ మహారాజు దానిని తన కొలువున ఆదరించుటచే విదేశీవాద్యము కొలది యేండ్లలోనే స్వదేశివాద్య మయ్యెను. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా పసిఫిక్ ప్రదర్శనమునందు హవాయి వాద్యకులు దానిని వాయించి చూపిన పిమ్మట అమెరికా యంతయు దానికి వశమైపోయినది.

ఆనాటి హవాయి ఉకులేలేలలో చాలవానికి ప్రత్యేకమైన ఫ్రెట్‌బోర్డే లేదు. మెడ కొయ్య పైతలమును పొట్టపలకతో సమానముగా చదునుచేసి, ఆ కొయ్యలోనే గాట్లు కోసి, 12 మెట్లు దిగగొట్టెడివారు. మెడ పొట్టతో కలియుచోటనే మెట్లు ముగిసెడివి. ఆ గాట్లు ఎచ్చట కోయవలయునో నిర్ణయించుటకు ఐరోపా వాద్యశిల్పులు శతాబ్దుల తరబడి అనుసరించిన సులభసూత్రమొకటి యుండెను: ఉన్న తీగ పొడవులో పదునెనిమిదవ పాలు కొలిచి మొదటి మెట్టు, మిగిలినదానిలో మఱల పదునెనిమిదవ పాలు కొలిచి రెండవ మెట్టు, ఈ విధముగా కడవఱకు. ఖగోళశాస్త్రజ్ఞుడైన గెలీలియో తండ్రి, వీణవంటి ల్యూటు వాద్యమున నిష్ణాతుడు, విన్సెంజో గెలిలీ 1581లో తన సంగీతగ్రంథమున ఈ నిష్పత్తిని సమర్థించెను. నేటి గణితము ప్రకారము భాగింపవలసిన సంఖ్య 18 కాదు, 17.817. ఈ స్వల్పభేదముచే సొప్రానోమీద 12వ మెట్టు ఉండవలసిన చోటునుండి మిల్లీమీటరుకు పైగా వెనుకబడి, స్వరము కొంచెము దిగి పలుకును. అయినను చేతితో అదిమినప్పుడు తీగ సాగి స్వరము కొంచెము పైకి పోవుట సహజము కాబట్టి, పాత పనివాని లెక్కతప్పు ప్రకృతి చేయు తప్పును చాలవఱకు దిద్దుచుండెడిది. ఆ పనివారు ఈ సంగతి యెఱిగియే చేసిరో, చెవికి ఇంపుగా నున్నది గదాయని ఊరకుండిరో!

అమెరికాలో మార్టిన్ సంస్థ 1916 ప్రాంతమున ఉకులేలేలు విస్తారముగా చేయనారంభించి, తన మేలురకములలో ఒకటైన మూడవ తరగతి వాద్యమునకు వేఱు కొయ్యతో చేసిన పలకను అతికించి, దానిని పొట్టమీదుగా ధ్వనిరంధ్రము వఱకు సాగదీసి, 17 మెట్లు అమర్చినది. చూపునకు ఇది గొప్పగా నుండును. పైస్వరములు ఐదు అదనముగా దొరకును. కాని ఉకులేలేను మీటువారు, గిటారు వాద్యకులవలె రంధ్రమునకు ఎదురుగా కాక, మెడయు పొట్టయు కలియు చోటున మీటుదురు. ధ్వని అచ్చట మెత్తగా గుండ్రముగా వచ్చును గనుక అది వాడుకయైనది. పాత హవాయి వాద్యములో అచ్చట చదునైన నేల. చూపుడువ్రేలు తీగలను దాటి ఎంత లోతుకు దిగినను అడ్డు లేదు. సాగదీసిన పలకగల వాద్యములో అదే చోట రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తున కొయ్య, దానిపై లోహపుకడ్డీలు. వేగముగా పైకిని క్రిందికిని మీటునప్పుడు గోరు ఆ కడ్డీలకు తగిలి, పాటకు సంబంధములేని టిక్కుటిక్కుమను చప్పుడొకటి తాళము తప్పకుండ వినవచ్చుచుండును. చాలకాలము వాడిన అట్టి వాద్యమును వెలుతురునకు అడ్డముగా పట్టి చూచినచో, 14వ మెట్టునకును 16వ మెట్టునకును నడుమ కొయ్యమీది మెఱుగు చెరిగి, గోటిగీతలు నెలవంకల వరుసగా కనబడును; అవి మెట్లకొఱకు ఎడమచేయి ఎక్కిన గుఱుతులు కావు, కుడిచేయి అనుదినము చేసిన దాడికి ఆనవాళ్లు.

దీనికి కొందఱు శిల్పులు కనిపెట్టిన విరుగుడు, బాంజో వాద్యమునుండి తెచ్చుకొన్నది, ఎంతో తెలివైనది. పలక కొనయందలి చివరి మెట్లను విడిచిపెట్టి, అచ్చటి కొయ్యను దొప్పవలె కొంచెము లోతుగా చెక్కివేయుదురు. పలక పొడవునకు పొడవుగానే యుండును, రూపమునకు లోపము రాదు, గోరు దిగుటకు మాత్రము చోటు దొరకును. పోయినవి ఎవ్వరును వాయింపని మూడు నాలుగు స్వరములు. విచిత్రమైన ఫ్రెట్‌బోర్డులన్నింటిలో, ఉకులేలే అవసరమును ఉకులేలేనే అడిగి తెలిసికొని చేసిన మార్పు ఇదియొక్కటే యని నాకు తోచును. అయినను అంగళ్లలో దీని నడుగువారు అరుదు, ఏలనన ఛాయాచిత్రములో ఇది అంత ఆకర్షకముగా కనబడదు.

మొదటి మెట్టు కథ వేఱు. క్రొత్తగా నేర్చుకొనువారిలో అనేకులు శ్రుతి సరిచేసికొని, తీగలు విడిగా మీటినప్పుడు అన్నియు సరిగానే పలుకుచున్నను, మొదటి మెట్టుమీద వ్రేలు పెట్టగనే, అందును సి యను దళసరి తీగమీద, అపస్వరము వినబడుచున్నదని వాపోవుదురు. దోషము వారి చెవిది కాదు, చేతిది కాదు. మెడకొనయందు తీగలను మోయుచున్న ఎముకపట్టీ, నట్టు అని దానికి పేరు, కొంచెము ఎత్తుగా నున్నదనుకొనుడు. మొదటి మెట్టు దానికి 19 మిల్లీమీటర్ల దూరముననే యున్నది. ఆ పొట్టి యెడములో తీగను క్రిందికి దింపవలయునన్న అది నిటారుగా వంగవలయును; వంగిన తీగ సాగును; సాగిన తీగ బిగిసి స్వరము పైకి లేచును. గిటారుమీద నట్టు అదే ఎత్తున నున్నను, మొదటి మెట్టు 36 మిల్లీమీటర్ల దూరమున నుండుటచే వాలు సగమే. కాబట్టి నట్టులోని గాడిని కాగితపు మందమంత లోతుచేసినను ఉకులేలే గొంతు మాఱిపోవును.

ఇందులకు విరుగుడుగా ఏర్పడినది సున్నామెట్టు. నట్టునకు ఆనుకొని, మొదటి మెట్టుకు ముందు, తక్కిన మెట్లంత ఎత్తుననే మఱొక లోహపుకడ్డీని నాటుదురు. తీగలు దానిమీదనే ఆనును. నట్టు వానిని ఎడమెడముగా నిలుపు దువ్వెనపని మాత్రము చేయును. అప్పుడు విడితీగయు ఒక మెట్టుమీదనుండియే పలుకుచున్నట్లు లెక్క; నొక్కిన స్వరమునకును నొక్కని స్వరమునకును కంఠభేదము తఱుగును; మొదటి మెట్టుమీద వ్రేలికి శ్రమయు తఱుగును. అమెరికాలో 1999లో వెలసిన ఫ్లూక్ అను ఉకులేలే, దాని తమ్ముడైన ఫ్లీ, ఈ సున్నామెట్టుతోనే వచ్చినవి. ఆ రెండింటి ఫ్రెట్‌బోర్డు మఱింత వింతయైనది: పలకయు మెట్లును వేఱువేఱు కాక, అంతయు ఒకే అచ్చులో పోసిన గట్టి ప్లాస్టిక్కు. అచ్చు ఒక్కమాఱు సరిగా కుదిరినచో, ఆ అచ్చులో పుట్టిన ప్రతి పలకమీదను మెట్లు వెండ్రుకవాసి తప్పక ఉండవలసిన చోటనే యుండును. రంపము జాఱుట, కడ్డీ లేచుట అను బెడదలు లేవు. నైలాను తీగలకు ఆ ప్లాస్టిక్కు చక్కగా ఓర్చుకొనును. లోహపుదారము చుట్టిన తీగలు వేసినచో మాత్రము అవి ఆకురాయివలె మెట్లను అరగదీయును. అందుచేతనే అట్టి తీగలు కోరువారికి వానిని చేసిన సంస్థ కొయ్యపలకను వేఱుగా అందించినది.

ప్లాస్టిక్కు మెట్ల ఆలోచన అంతకు అర్ధశతాబ్ది ముందుది. మారియో మకఫెరి అను ఇటలీదేశీయుడు స్వయముగా గొప్ప గిటారు విద్వాంసుడు. జాంగో రైన్‌హార్ట్ చేతిలో ప్రసిద్ధికెక్కిన సెల్మర్ గిటారులకు రూపకల్పన చేసినవాడు. ప్రమాదమున చేయి దెబ్బతిని వాదనమునకు దూరమై, అమెరికా చేరి ప్లాస్టిక్కు వస్తువుల తయారీలో దిగి, 1949లో ఐలాండర్ అను ఉకులేలేను పొట్ట, మెడ, మెట్లు సమస్తము ప్లాస్టిక్కుతో పోసి విడుదల చేసెను. టెలివిజను ప్రయోక్త ఆర్థర్ గాడ్‌ఫ్రీ మెచ్చుకొనుటచే అవి లక్షలాదిగా అమ్ముడుపోయినవి. బొమ్మయని చిన్నచూపు చూచుటకు వీలులేదు. ఆనాటి చౌక కొయ్యవాద్యములకంటె దాని మెట్లు శ్రుతిశుద్ధమైనవి. దానితో మకఫెరి అమ్మిన కార్డ్‌మాస్టర్ అను పరికరము మఱియొక విడ్డూరము. దానిని మెడమీద బిగించినచో మెట్లు వాద్యకునికి కనబడవు. వాని స్థానమున మీటలు. ఒక మీట నొక్కినచో లోపలి కాళ్లు దిగి, కార్డు అని గిటారువారు చెప్పు స్వరగుచ్ఛమునకు కావలసిన తీగలనన్నింటిని ఒక్కసారిగా అదిమిపెట్టును. వ్రేళ్లకు నొప్పిలేదు, నేర్పును అక్కఱలేదు. కాని ఒక గుచ్ఛమునుండి మఱొకదానికి పోవునప్పుడు ఒక వ్రేలిని నిలిపి తక్కినవానిని మార్చు సొగసు దానికెన్నటికి రాదు.

వంపుపలకను గూర్చి పెద్దగా చెప్పవలసినది లేదు. సంప్రదాయపు ఉకులేలే పలక బల్లపరపు. ఇప్పుడు పెద్దరకపు టెనార్లలో అనేకములు నడుమ కొంచెము ఉబ్బియుండును. చూపుడువ్రేలిని చాపి నాలుగు తీగలను అడ్డముగా అదుమునట్టి బారె గుచ్ఛములలో, వ్రేలు సహజముగా స్వల్పపు వంపుతో నుండును గనుక, ఈ ఉబ్బు దానికి ఊతమగును. ముప్పది దాటి నేర్చుకొనువారికిని, కీళ్లనొప్పులు గలవారికిని ఇది వరమే. పలక వెడల్పు 35 మిల్లీమీటర్లే గల సొప్రానోలో ఆ భేదము చేతికి తెలియుట కష్టము.

ఇక నేడు ఎక్కువగా కనులనాకర్షించునది విసనకఱ్ఱ మెట్ల పలక. దీనిలో మెట్లు ఒకదానికొకటి సమాంతరముగా నుండవు. నడుమ ఒకటి నిటారుగా నుండి, దానికి అటునిటు ఉన్నవి విసనకఱ్ఱ పుల్లలవలె వాలిపోవును. వాలుటకు హేతువు తీగల పొడవులు వేఱగుట. మందరస్వరము పలుకు తీగ పొడవుగా నున్నచో అది బిగువుగా, స్పష్టముగా మ్రోగును. తారస్వరపు తీగ పొట్టిగా నున్నచో మధురముగా మ్రోగును, తెగదు. పియానోలోను, హార్పులోను తీగలు పొడవునుండి పొట్టికి దిగుటకు కారణమిదియే. పదునారవ శతాబ్దిలో ఇంగ్లండున ఆర్ఫేరియన్ అను లోహతంత్రుల వాద్యమునకే ఇట్టి ఏటవాలు మెట్లుండెను. అది మఱుగునపడిన చాలకాలమునకు, 1989లో, రాల్ఫ్ నోవాక్ అను అమెరికా శిల్పి గిటారుపై ఈ పద్ధతికి పేటెంటు సంపాదించెను. ఏడెనిమిది తీగల గిటారులకును, బేసు గిటారులకును ఇది నిజముగా ఉపకరించినది.

ఉకులేలే దగ్గఱకు వచ్చునప్పటికి చిక్కు ఎదురగును. దీని నాలుగు తీగల శ్రుతి, వాద్యకుని ముఖమునకు దగ్గఱనున్న నాలుగవ తీగనుండి లెక్కించినచో, జి, సి, ఇ, ఏ. గిటారులో పైనున్న తీగ అన్నిటికంటె మందరము. ఇచ్చట పైనున్న జి అన్నిటికంటె మందరము కాదు, సరిగదా, ఎత్తున ఏ తరువాతిది. సెకనునకు సుమారు 392 కంపనములు జికి, 262 సికి, 330 ఇకి, 440 ఏకి. మందరతమమైనది నడుమనున్న సి. ఇప్పుడు విసనకఱ్ఱ మెట్లు పరచి, గిటారు శాస్త్రమును నమ్మి, జి తీగను అన్నిటికంటె పొడవుచేసినచో, పొడవు అక్కఱలేని తీగకు పొడవునిచ్చి, పొడవు కావలసిన సి తీగను నడుమ నిలిపినట్లగును. పులినిచూచి నక్క వాతలు పెట్టుకొన్నట్లు, ఇది గిటారు చారలను ఒంటికి పూసికొనుటయే. కొందఱు టెనారు వాద్యకులు జి తీగను ఒక స్థాయి దించి, 196 కంపనముల మందర జిగా వాడుదురు. వారికి మాత్రము ఈ పలక సార్థకము. జి తీగ 17½ అంగుళములు, ఏ తీగ 16½ అంగుళములుగా చేసినచో, మామూలు టెనారులో కొంత వదులుగా, మూలుగుచున్నట్లుండు మందర జి కాలూని నిలబడి పలుకును.

చేతిమాట చెప్పవలయునన్న, విసనకఱ్ఱ మెట్లు చూచుటకు భయపెట్టునంతగా వాయించుటకు భయపెట్టవు. క్రొత్తవారిని ఏడిపించు బి ఫ్లాటు గుచ్ఛమునే తీసికొందము: చూపుడువ్రేలు మొదటి మెట్టుమీద ఇ, ఏ తీగలను అదిమి, నడిమివ్రేలు సి తీగ రెండవ మెట్టును, ఉంగరపువ్రేలు జి తీగ మూడవ మెట్టును పట్టవలయును. ఏటవాలు పలకలో, మెడకొన దగ్గఱ జి తీగవైపు మెట్లు తలవైపునకు వాలియుండును గనుక, ఉంగరపువ్రేలు అంత దూరము సాగనక్కఱలేదు. మణికట్టు ఉన్నచోటనే యుండగా గుచ్ఛము అమరిపోవును. దీనికి విపర్యయముగా, చూపుడువ్రేలు జిమీదను చిటికెనవ్రేలు ఏమీదను నిలువవలసిన రూపములలో ఆ వాలు ఎదురుతిరిగి యెడము పెంచును. ఒక చేత నిచ్చి మఱొక చేత పుచ్చుకొనుట యన్నమాట.

ఆ ఎత్తైన జి తీగ ఒక లోపముకాదనియు, దానియందే ఉకులేలే ప్రత్యేకత యున్నదనియు నిరూపించినవాడు జాన్ కింగ్. 2009లో గతించిన ఈ అమెరికా వాద్యకుడు, పదునేడవ శతాబ్దపు స్పెయిను గిటారు పద్ధతులను పరిశీలించి, గంటల మ్రోతను తలపించునట్టి కాంపనెల్లా రీతిలో బాఖ్ వయొలిను కృతిని ఉకులేలేమీద వినిపించెను. స్వరపంక్తిలో ఏ రెండు ప్రక్కప్రక్క స్వరములను ఒకే తీగమీద వాయింపరాదనుట ఆ రీతి నియమము. ఒక స్వరము ఇంకను మ్రోగుచుండగనే తరువాతిది వేఱొక తీగమీద మొదలై రెండును కలిసిపోవును. అందుకొఱకు ఎడమచేయి ఒకేసారి నాలుగైదు మెట్లు పరచుకొని నిలువవలయును. గిటారుమీద అది కొందఱికే సాధ్యము; సొప్రానోమీద మెట్లు ఇఱుకగుటచేతనే అది సులభము. ఇఱుకుతనము లోపమని యెంచి మెడ పొడిగించినవారు ఈ సంగతి గమనింపవలయును.

మెట్లనడుమ కొయ్యను గుంటలుగా చెక్కిన పలకలను స్కాలప్పు పలకలందురు. వ్రేలికి కొయ్య తగులదు. తీగను లోనికి అదిమియో, ప్రక్కకు లాగియో స్వరమును ఊపవచ్చును. వీణ నెఱిగిన తెలుగువారికి ఇందులో క్రొత్త యేమియు లేదు. బొబ్బిలి దగ్గఱి గొల్లపల్లిలో పనసకఱ్ఱతో వీణలు చెక్కు శిల్పులు, మైనపు గట్టుమీద ఇత్తడిమెట్లను కొయ్యకు బాగుగా ఎత్తున నిలిపెదరు. వైణికుడు ఉక్కుతీగను మెట్టుమీదనే ప్రక్కకు లాగి, ఒకేచోటనుండి రెండు మూడు స్వరములను పలికించి గమకములు తీయును. 1970 తరువాత శక్తి బృందముతో కర్ణాటక సంగీతకారుల సాహచర్యము చేసిన జాన్ మెక్లాగ్లిన్ తన గిటారు పలకను గుంటలుగా చెక్కించుకొన్నది ఇట్టి గమకముల కొఱకే. ఉకులేలేకు ఈ గుంటలు తీసినచో లాభమెంత? అత్యల్పము. ఉక్కుతీగను కొంచెము లాగినచో బిగి వెంటనే పెరిగి స్వరము లేచును. నైలాను తీగ స్వభావముచేతనే సాగునది, శ్రుతి చేయునప్పుడే ఎంతో సాగియుండును, దానిని ఇంకను ప్రక్కకు లాగినను బిగి అంతగా మాఱదు. పలక ఇఱుకు, తీగను లాగుటకు చోటును లేదు. గమకమే కావలసినచో గుంటలకంటె జారుడే మేలైన మార్గము. పాలకొల్లున పుట్టి మాండొలిను శ్రీనివాసుగా లోకమెఱిగిన విద్వాంసుడు, ఎనిమిది తీగల మాండొలినును ఐదు విడితీగల విద్యుద్వాద్యముగా మార్చుకొని, మామూలు మెట్లమీదనే, జారుడులును లాగుడులును కలిపి, రాగాలాపన చేయలేదా?

మెట్లు కదలించుకొనదగినవిగా నుండవలయునా, స్థిరముగా నుండవలయునా యనుటయు మన శాస్త్రకారులకు పాతప్రశ్నయే. విజయనగరమున అళియ రామరాయల కాలములో, 1550లో, స్వరమేళకళానిధి రచించిన రామామాత్యుడు వీణమెట్ల స్థానములను గూర్చి విపులముగా చర్చించెను. ఒక్కొక్క రాగమునకు మెట్లు సవరించుకొను ఏకరాగమేళ వీణయు, అన్ని రాగములకును ఒకే అమరిక గల సర్వరాగమేళ వీణయు ఆ కాలపు గ్రంథములలో కనబడును. 24 మెట్లను స్థిరముగా నిలిపి నేటి వీణకు రూపమిచ్చినవాడు తంజావూరు నేలిన తెలుగు రాజకవి రఘునాథనాయకుడని సంప్రదాయము. ఐరోపాలో లకోత్ అను పారిసు శిల్పి 1852 ప్రాంతమున కదలు మెట్ల గిటారు చేసెను. 2008లో ఇస్తాంబులుకు చెందిన ఒక గిటారు విద్వాంసుడు, ప్రతి తీగక్రింది మెట్టును విడివిడిగా జరుపుకొనగల పలకను రూపొందించి తుర్కీ సంగీతపు సూక్ష్మశ్రుతులను పలికించెను. పది మిల్లీమీటర్ల యెడములు గల సొప్రానోలో అట్లు జారు కడ్డీలను, వాని గాడులను ఇమిడ్చుట కష్టసాధ్యము.

కొన్ని మెట్లను తీసివేసి ఏడుస్వరముల మెట్లనే ఉంచినచో నేర్చుకొనుట సులభము గదాయని తోచవచ్చును. అపలేషియను డల్సిమరును, దానిననుసరించి 1980 ప్రాంతమున బాబ్ మెక్‌నాలీ చేసిన మూడుతీగల స్ట్రమ్‌స్టిక్కును అట్టివే. వానిమీద ఎచ్చట వ్రేలు పెట్టినను అపస్వరము రాదు. ఉకులేలే శ్రుతికి అది పొసగదు. సి తీగమీద సప్తస్వరములు సరిగా వచ్చునట్లు మెట్లుంచినచో, అవే మెట్లు ఇ తీగమీద రెండవ అడుగుననే పాటలో లేని స్వరమును పలుకును. డల్సిమరు తీగలు షడ్జపంచమములలో నుండుటచే అచ్చట ఆ చిక్కు తక్కువ.

మెట్లే లేని పలక ఉకులేలే కుటుంబములో ఒకచోట మాత్రము వేళ్లూనినది: కాలా సంస్థవారి యు-బేసు. సుమారు 20 అంగుళముల తీగ, పాలియురిథేనుతో చేసిన రబ్బరువంటి లావు త్రాళ్లు, బేసు గిటారు శ్రుతి. పిడికెడు వాద్యమునుండి గది నిండు మందరధ్వని వెడలును. మెట్లు లేనిచో ఆ ధ్వని నిలువెత్తు డబుల్ బేసును పోలియుండును. అదే ప్రయోగము సొప్రానోమీద చేసినచో రెండు బాధలు. మొదటిది, మెట్టు కడ్డీ లేనందున నైలాను తీగ వ్రేలి మెత్తదనమునకే ఆనుటచే మ్రోత పుట్టగనే చచ్చిపోవును. రెండవది, పైమెట్ల చోట స్వరమునకు స్వరమునకు నడుమ 10 మిల్లీమీటర్లే యుండగా, మన వ్రేలికొన వెడల్పే అంతకు మించియుండును; గుచ్ఛములు పట్టుట అసాధ్యము కాకున్నను, అపస్వరము లేకుండ పట్టుట దైవాధీనము.

కొనబోవువారికి ఇంకొక రెండు మాటలు. గిటారు పలకమీద ఆనవాలు చుక్కలు 5, 7, 9, 12 మెట్లవద్ద నుండును. ఉకులేలేలలో చాలవఱకు 9కి మాఱుగా 10వ మెట్టున నుండును. రెండును వాయించువారు చుక్కను నమ్మి చేయి వేసినచో ఒక మెట్టు తప్పిపోవుదురు. రెండవ మాట వేసవికి సంబంధించినది. మే నెల వడగాలికి కొయ్య అడ్డముగా ఎండి ముడుచుకొనును. లోహపు మెట్లు ముడుచుకొనవు. అందుచే కడ్డీల కొనలు పలక అంచులు దాటి పైకి వచ్చి, చేయి జార్చినప్పుడు ముండ్లవలె గీచుకొనును. చినుకులు పడగనే కొయ్య ఉబ్బి అవి మఱల లోనికి పోవుటయు కలదు గనుక, తొందరపడి ఆకురాయి పట్టక, పెట్టెలో తడిస్పాంజి నొకదానిని చిల్లులడబ్బాలో నుంచి కొన్నాళ్లు వేచి చూచుట మంచిది. అప్పటికిని గీచుకొనుచున్నచో మాత్రము కొనలను సన్నగా అరగదీయింపవచ్చును. జాగ్రత్తపరులైన శిల్పులు పలక అంచుపొడవున సన్ననిపట్టీ అతికించి, కడ్డీ వేరును దాని లోపలనే ఆపివేయుదురు. కొనుటకు ముందు చూపుడువ్రేలిని మెడ అంచువెంట తలనుండి పొట్టవఱకు ఒక్కమాఱు మెల్లగా నడిపించినచో, ఆ పట్టీ ఉన్నదియు లేనిదియు, ఉన్నచో పనివాడు దానిని ఎంత శ్రద్ధతో అతికినదియు తెలిసిపోవును.